పావు చుట్టు

నూనె ఒత్తిడితో రేకులు నొక్కే ప్రెస్సు మొరాయించిందని ఎవరు పిలిచినా, జోగినాయుడు మేస్త్రి ముందు మిషను ఆపించేవాడు. ట్యాంకులోంచి గ్లాసుడు నూనె తీయించి వెలుగుకు ఎత్తి చూసేవాడు. ఆ తర్వాతే వాల్వు విప్పేవాడు. ఆ వాల్వుకు కరెంటు పంపే ఎలక్ట్రానిక్ కార్డు జోలికి మాత్రం పోయేవాడు కాదు.

గాజువాక వైపు ఒక కార్ఖానాలో అలాగే నూనె చూస్తుంటే, ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న భానోజీకి విసుగొచ్చింది. ఎంత కరెంటు ఇస్తే వాల్వు లోపలి కడ్డీ అంత జరుగుతుంది, అంత నూనె వదులుతుంది. అది బిగుసుకుందని తెలుస్తూనే ఉంది.

"గురువుగారూ, కార్డు మీది స్క్రూ కాస్త తిప్పి కరెంటు పెంచితే కదులుతుంది కదా. రెండు పూటలు పని ఆపడం ఎందుకు?"

మేస్త్రి చేతులు తుడుచుకుని, తన ముప్పయ్యో ఏట జరిగిన సంగతి చెప్పాడు.

అప్పుడాయన ఒక రేకుల ప్రెస్సు షాపులో మెకానిక్కు. ప్రెస్సు నడిపే గవరయ్య ఆయనకు వరసకు బావ. ఆ పనిలో పెట్టించిందీ అతనే. ఒక వేసవిలో ప్రెస్సు నెమ్మదించింది. వాల్వు విప్పి కడిగి, నూనె మార్చాలంటే రెండు పూటలు పడుతుంది. సూపర్‌వైజరు ఒప్పుకోలేదు. జోగినాయుడు స్క్రూను పావు చుట్టు తిప్పాడు. ప్రెస్సు హాయిగా దిగింది. అందరూ భుజం తట్టారు. మరుసటి వారం ఇంకో పావు చుట్టు, ఆ పై వారం మరొకటి.

గవరయ్య ఒకసారి పిలిచి, దిగే ముందు అది ఆగి వణుకుతోందని చెప్పాడు. పాత మిషనుకు అది మామూలేనని జోగినాయుడు సర్దిచెప్పాడు. గవరయ్య నమ్మాడు.

రెండు రోజులకే, గవరయ్య ఎడమ చేత్తో, ఎంత లాగితే అంత కరెంటు పంపే లీవరును కొద్దికొద్దిగా లాగుతూ ప్రెస్సును దింపుతున్నాడు. అది కదల్లేదు. ఆగిందనుకుని, వంకరైన రేకును సరిచేయడానికి కుడి చెయ్యి లోపల పెట్టాడు. వాల్వు కడ్డీని పట్టుకున్న నూనె మడ్డి అప్పుడు వదిలింది. పెంచిన కరెంటంతా కడ్డీని ఒక్కసారిగా తోసింది. చెయ్యి మణికట్టు దాకా పోయింది.

అతన్ని ఆసుపత్రికి పంపించాక జోగినాయుడు వాల్వు విప్పాడు. కడ్డీ మీద ఒక్క గీత లేదు. గోధుమరంగు జిగురు పలచగా పట్టి ఉంది, అంతే. గుడ్డతో తుడిస్తే పోయింది. వేలితో తోస్తే కడ్డీ మెత్తగా జారింది. ఆయన చాలాసేపు దాన్ని అటూ ఇటూ తోస్తూ కూర్చున్నాడు. తర్వాత వాల్వు తిరిగి బిగించి, స్క్రూను మూడు పావు చుట్లూ వెనక్కి తిప్పేశాడు.

విచారణకు వచ్చినవాళ్లకు వాల్వు బాగానే కనిపించింది, కరెంటూ సరిగానే ఉంది. నడిపినవాడి అజాగ్రత్త అని రాసుకుని వెళ్లారు. గవరయ్యను పనిలోంచి తీసేశారు.

ఆసుపత్రి మంచం మీద గవరయ్య అడిగింది ఒక్కటే.

"జోగీ, నిజం చెప్పు. నేనే లీవరు ఎక్కువ లాగానా?"

జోగినాయుడు తల వంచుకున్నాడు. గవరయ్యకు అది అవునన్నట్టే కనిపించింది.

మేస్త్రి అక్కడ ఆపేశాడు. తర్వాతైనా అతనికి నిజం చెప్పారా అని భానోజీ మెల్లగా అడిగాడు.

మేస్త్రి వాల్వు బోల్టులు ఒక్కొక్కటిగా వదులు చేస్తూ అన్నాడు:

"చెబుదామని ధైర్యం తెచ్చుకుని వెళ్లాను, నాయనా. అప్పటికే తప్పు తనదేనని మా బావ పిల్లలతో కూడా చెప్పుకున్నాడు."