వంత అడిగిన ప్రశ్న

బుర్రకథ గురువు పోలినాయుడు గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు ఏదైనా అడిగితే జవాబు చెప్పేవారు కాదు, ఏదో ఒక పని అప్పజెప్పేవారు. పని అయ్యాక కూడా అడగాలనిపిస్తే అప్పుడు అడగమనేవారు. చాలామందికి అనిపించేది కాదు.

ఆయన దగ్గర వంత నేర్చుకుంటున్న హైమావతి పగటిపూట ఒక పత్రికకు విలేకరి. ఒకనాడు చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి అడిగింది. "నేను రాసినదాంట్లో అబద్ధం ఒక్క ముక్కయినా ఉందా గురువుగారూ? మీరే చెప్పండి. గెడ్డపేట వాళ్లు నన్ను ఊళ్లో అడుగుపెట్టొద్దంటున్నారు."

జరిగింది ఇదీ. పట్నం మురుగంతా మోసుకొచ్చే గొట్టం గెడ్డపేట వాగులో, ఆ ఊరి మాటలో గెడ్డలో, కలుస్తుంది. ఊరు తాగేది ఆ వాగు నీళ్లే. ఊళ్లో కామెర్లు ప్రబలి, అప్పలనర్సమ్మ కూతురు, బడికెళ్లే పిల్ల, చనిపోయింది. హైమావతి వెళ్లి ఇల్లిల్లూ తిరిగింది. ఏ పొయ్యి మీదా కాగే నీళ్లు కనబడలేదు. 'కాచి తాగరు, కామెర్లు తెచ్చుకున్నారు' అని శీర్షిక పెట్టి రాసింది. గొట్టం సంగతి దాచలేదు, అదీ ఉంది, చివరి వాక్యంలో. గొట్టాన్ని మళ్లించాలా వద్దా అని తేల్చడానికి కూర్చున్న మునిసిపాలిటీ సమావేశంలో చైర్మన్ ఆ పత్రికనే పైకెత్తి చూపించాడు. "జబ్బు గొట్టంలో లేదండీ, అలవాటులో ఉంది!" అందరూ తలలూపారు. గొట్టం ఉన్నచోటే ఉండిపోయింది. గెడ్డపేటకు మాత్రం అవగాహన కార్యక్రమం మంజూరైంది. అందులో చెప్పాల్సిన బుర్రకథ పోలినాయుడు గారి దళానికే దక్కింది.

గురువు అంతా విని, "రేపు సాయంత్రమే అక్కడ కథ. మన రాజకీయం వంతకి గొంతు పోయింది, నువ్వు నిలబడు" అన్నారు.

"కొడతారేమోనండీ."

"కొడితే గుమ్మెట అడ్డం పెట్టుకో. తోలు మార్పించుకోవచ్చు."

బుర్రకథలో కథకుడు తన ఇష్టాన ముందుకు పోలేడు. ఇటు హాస్యం వంత, అటు రాజకీయం వంత గుమ్మెటలు పట్టుకుని నిలబడతారు. వాళ్లు 'అయితే గురూ' అని ఏది అడిగితే దాన్ని పట్టుకునే కథ నడవాలి. అడగని విషయం ఎంత గొప్పదైనా కథకుడి గొంతులోనే ఉండిపోతుంది. పోలినాయుడు గారు ఈ కట్టుబాటు ఏనాడూ తప్పలేదు.

మర్నాడు ముందు వరుస కుర్చీల్లో చైర్మన్, ఆయన పక్కనే హైమావతి పత్రిక ఇన్‌ఛార్జి. వెనకాల నేలమీద ఊరు. నీళ్లు కాచని ఇల్లాలి కథ ఎత్తుకోగానే హాస్యం వంత గవరయ్య అందుకున్నాడు. "అయితే గురూ, ఆ ఇల్లాలికి పొయ్యి వెలిగించే తీరికే లేదా?"

"ఉంది తమ్ముడూ! టీవీ ముందు నుంచి లేచే ఓపికే లేదు!"

కుర్చీలు నవ్వాయి. నేలమీద కూడా కొందరు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. వాళ్లు నవ్వడమే హైమావతికి ఎక్కువ గుచ్చుకుంది. అప్పలనర్సమ్మ నవ్వలేదు.

అప్పుడు గురువు తంబురా మీద చెయ్యి ఆపి హైమావతి వైపు తిరిగారు. రాజకీయం వంత అందుకోవాల్సిన చోటది. అడగాల్సిన మాట ఆవిడ నాలుక చివరే ఉంది: ఆ నీళ్లలో కలుస్తున్నదేమిటి గురూ? చైర్మన్ కాలు ఊపుతున్నాడు. ఇన్‌ఛార్జి కనుబొమలు పైకెత్తి చూస్తున్నాడు. గురువు చేతి అందెలు ఆడిస్తూ ఆగారు. మరికాస్త ఆగారు. "ఏమ్మా, నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నావా?"

"అయితే గురూ," అంది హైమావతి, "నీళ్లు ఎంతసేపు కాచాలి?"

గురువు ఆవిడ ముఖం ఒకసారి చూసి తంబురా అందుకున్నారు. నీళ్లు తెర్లే దాకా, పిల్లల బతుకు తేరే దాకా అని రాగం తీసి అద్భుతంగా పాడారు. కుర్చీలు చప్పట్లు కొట్టాయి. పాట ఆగీ ఆగగానే అప్పలనర్సమ్మ లేచి నిలబడింది.

"నానొకటడుగుతాను బాబూ. ఆ మురుగు గొట్టం మా గెడ్డలోకే ఎందుకెట్టినారు?"

చైర్మన్ వెనక్కి తిరగకుండానే, "కథ మధ్యలో లేవకూడదమ్మా. కూర్చో, కూర్చో" అన్నాడు. పక్కవాళ్లు ఆవిడ కొంగు పట్టి కిందికి లాగారు. గవరయ్య గుమ్మెట వాయించి తందానా అన్నాడు. కథ చేతులు కడుక్కోవడం దగ్గరికి వెళ్లింది.

తిరుగుదారిలో, ఆటోలో, హైమావతి ఉండబట్టలేకపోయింది. "నాకు ధైర్యం చాల్లేదు, సరే. ఆ తల్లి అంతమందిలో లేచి అడిగింది కదా, మీరైనా జవాబు చెప్పకూడదా?"

"ఆవిడ చేతిలో గుమ్మెట లేదమ్మా."

హైమావతి తన ఒళ్లో ఉన్న గుమ్మెట వంక చూసుకుంది. ఎవరితో వాదిస్తోందో తనకే తెలియనట్టు, "నేనడిగింది కూడా పనికొచ్చే ప్రశ్నేగా" అంది.

పోలినాయుడు గారు తంబురాకు గుడ్డ చుట్టి ముడి బిగించారు.

"పనికొచ్చేదే. అబద్ధం ఒక్క ముక్క లేదందులో."