మారెక్క కట్టిన వేపమండ

మీ తాతల తాతలకు పాలపళ్ళు కూడా ఊడని కాలంలో, ఏటి ఒడ్డున ఒక పల్లె ఉండేది. ఆ పల్లెలో మారెక్క అనే మంత్రసాని ఉండేది. పొట్టి మనిషి, పెద్ద నోరు. అక్కడ ఎవరు పుట్టినా ముందు ఆమె చేతుల్లోనే పడాలి.

ఒక ఏడు ఏటికి అవతలి సీమలో కరువొచ్చింది. జనం మూటాముల్లె నెత్తిన పెట్టుకుని ఏరు దాటి వచ్చారు. బావులు తవ్వారు, గొర్రెలు కాశారు, పల్లెలో కలిసిపోయారు. రాజుగారికి అది కంటగింపయింది. "అవతలివాళ్ళను పట్టి ఏరు దాటించండి. వాళ్ళకు నీడనిచ్చినవాళ్ళనూ దాటించండి" అని చాటింపు వేయించాడు. నీళ్ళు లేక వచ్చినవాళ్ళను మళ్ళీ నీళ్ళు లేనిచోటికే తోలాలట. ఏం తెలివి, ఏం తెలివి!

భటులను వెంటేసుకుని దళవాయి పల్లెలో దిగాడు. ఆ పొద్దే అవతలి సీమ నుంచి వచ్చిన లింగికి నొప్పులు మొదలయ్యాయి. మారెక్క గుడిసె గడపకు వేపమండ కట్టి లోపలికి పోయింది. వేపమండ కట్టారంటే అది పురిటిల్లు. పురుడు తీరేదాకా పరాయి మగవాడు గడప తొక్కకూడదు. తొక్కితే అంటు.

దళవాయి గడప ముందు ఆగాడు. "లోపలున్నది యా సీమది?" అని అరిచాడు.

"నొప్పులకు సీమ యాడుంటాది సామీ? పక్కకు జరుగు, గాలి రానీ" అంది మారెక్క లోపలినుంచే.

పల్లె ఆడవాళ్ళు అది విన్నారు, నవ్వుకున్నారు, గబగబా వేపచెట్లెక్కారు. దళవాయి పక్కింటికి పోయాడు. వేపమండ. ఆ పక్కింటికి పోయాడు. వేపమండ. పళ్ళూడిన ముసలి నాగవ్వ ఇంటికి పోయాడు. అక్కడా వేపమండే!

"నీకు కాన్పేందే ముసలిదానా?"

"దేవుడిస్తే వద్దంటామా సామీ?" అంది నాగవ్వ కడుపు పట్టుకుని.

"తోసుకుని పోండిరా!" అన్నాడు దళవాయి. భటులు కదల్లేదు. "మేమూ పిల్లలుగలోళ్ళం దొరా. పురిటిల్లు తొక్కలేం" అన్నారు.

దళవాయికి ఒళ్ళు మండింది. "ఈ ఎత్తు ఎవరిదో చెప్పండి. లేదంటే పల్లె కాల్చేస్తా" అన్నాడు.

లింగి బిడ్డ కేరుమంది. మారెక్క బిడ్డను తల్లి పక్కన పడుకోబెట్టి బయటికొచ్చింది. "నాదే సామీ. ఇంగొకరి జోలికి పోవాకు" అంది.

భటులు గడపలు తొక్కనన్నాక దళవాయికి దక్కింది ఆమె ఒక్కతే. ఆమెను ఏరు దాటించారు. తల వంచలేదు, వెనక్కి చూడలేదు. అవతలి సీమలోనూ ఎండిన ఊళ్ళ వెంట తిరిగి కాన్పులు చేసింది. అక్కడే కన్నుమూసింది.

కబురు తెలిసి పల్లె పల్లెంతా గొల్లుమంది. ఆడవాళ్ళు ఏరు దాటి ఆమెను మోసుకొచ్చారు. రేవులో భటులు ఎదురొచ్చి, మారెక్క మొహం చూసి, దారి వదిలారు. రేవు పక్కనే ఆమెను మట్టి చేశారు.

ఆ రాజు పేరు ఇప్పుడు ఎవరికీ తెలియదు. మారెక్క పేరు పాలు తాగే పిల్లలకూ తెలుసు. ఆ పల్లెలో ఇప్పటికీ బిడ్డ పుడితే రెండు మండలు కడతారు, గడపకొకటి, రేవుకొకటి. రేవు దాటి వచ్చి ఆ మండ కింద నిలబడ్డవాళ్ళకు ముందు నీళ్ళు, తర్వాత కూడు, ఆ తర్వాతే మాటలు. ఇక ఎవరైనా వచ్చి "మీలో బయటోళ్ళెవరు?" అని అడిగితే, పిల్లా పెద్దా అందరిదీ ఒకటే జవాబు.

"మా అందరికీ పురుడు పోసింది మారెక్క. పోయి ఆమెనే అడుగు."