రాజుగారు ఏ సరుకు కిందికి వస్తారు

ఒకానొక రాజ్యంలో ఒక రేవూ, ఆ రేవులో ఒక సుంకపు కొట్టూ, ఆ కొట్లో జోగినాథమనే రాతగాడూ ఉండేవారు.

జోగినాథం బడికి వెళ్లినవాడు కాడు. ఓడల్లో వచ్చే పెట్టెల మీది చీటీలు చదివి చదివి అక్షరాలు పట్టుకున్నాడు. తనలో ఒక గొప్ప సుగుణం ఉందని అతనే చెప్పుకునేవాడు. తెలియని సంగతి అడిగి ఎదుటివాళ్లను ఇబ్బంది పెట్టడు, తెలిసినట్టు తలూపేస్తాడు. ఆ సుగుణం వల్లనే ఒకసారి ఇంగువ పెట్టెను సాంబ్రాణి అని రాసి గుడికి పంపాడు. ఆ పూట హారతి వేళ గుడంతా చారు వాసన వేసింది.

ఆ రాజ్యంలో కంప్యూటర్లు కూడా ఉండేవి. రాజుల కాలంలో కంప్యూటరేమిటని అడక్కండి. కథలోకి రాజు రాగా లేనిది కంప్యూటరుకు దారి దొరకదా?

రాజు ఉద్దండభూపాలుడు. సుంకాల పుస్తకం ఆయన స్వహస్తాలతో రాసిందే. యంత్రాల విడిభాగాలైతే వచ్చిన పూటే వదిలెయ్యాలి. బంగారపు సరుకైతే మూడు రోజులు కొట్లో ఉంచి, కంసాలి పెద్దలు ముద్ర వేశాకే వదలాలి. రేవు గుమ్మానికి అడ్డంగా ఒక తాడు కట్టి ఉండేది. సుంకం తేలని సరుకు ఆ తాడు దాటకూడదు.

ఒకరోజు పొద్దున్నే, తుపాను లెక్కలు కట్టే నూకరత్నం పరుగున వచ్చింది.

"బాబుగారూ, మా కంప్యూటరుకి ఎనిమిది మెమరీ పట్టీలు వచ్చాయంట. పాతవి కాలిపోయాయి. అవి లేకపోతే యంత్రం లెక్క మధ్యలో అంకెలు మర్చిపోద్ది. ఆగ్నేయం చూడండి, కాటుక పులిమినట్టుంది. నలభై పడవలు వేటలో ఉన్నాయి. మా ఆయన కూడా అందులోనే ఉన్నాడు."

"మబ్బు చూసి వెనక్కి పిలవలేవా?"

"మబ్బు పట్టిందని పిలిచి పిలిచి మా మాటకి విలువ పోయింది. లెక్క చూపిస్తేనే తిరుగుతారు."

పట్టీలో అంకెలెలా ఉంటాయో కూడా ఆమె చెప్పింది. జోగినాథం తలూపాడు. యంత్రాల పేజీ తీసి కలం ముంచాడు.

సరిగ్గా అప్పుడే రాజుగారు రేవుకు వచ్చారు. ఎదురుగా ఉన్న పరాయి దీవిలో పేరుమోసిన పళ్ల వైద్యుడున్నాడు. ఆయన దగ్గరికి ప్రయాణం. ఒక చెయ్యి దవడ మీదే ఉంది. పోతూ పోతూ పట్టీ ఒకటి తీసి చూశారు. దాని అంచున వరసగా పసుపుపచ్చటి గీతలు మెరుస్తున్నాయి.

"ఇది బంగారం కాదుట్రా?"

"పూత మాత్రమే ప్రభూ. వస్తువు యంత్రానిది."

"రవ్వంత బంగారం అంటినా మొత్తం బంగారపు సరుకే. ఇది మా తీర్పు. మూడు రోజులు ఉంచు. ఎవరిదైనా సరే, బంగారం తాడు దాటిందా, నీ తల మొండెం దాటుతుంది."

ఓడ కదిలింది. నూకరత్నం ఏడవలేదు. తాడు అవతల కూలబడి సముద్రం వైపే చూస్తూ కూర్చుంది. ఆ చూపు భరించలేక జోగినాథం మూడుసార్లు కలం చెక్కాడు, చెక్కాల్సిన పని లేకపోయినా.

మధ్యాహ్నానికి గాలి తిరిగింది. కెరటాలు గట్టెక్కుతున్నాయి. రాజుగారి ఓడ ఊగుతూ వచ్చి ఆగింది. దిగీ దిగగానే ఆయన అందరికేసి నవ్వారు, నవ్వొచ్చి కాదు. ముందు పన్ను పసుపుపచ్చగా మెరిసింది.

జోగినాథం వెళ్లి తాడు పట్టుకుని నిలబడ్డాడు.

"మహాప్రభూ, క్షమించాలి. సుంకం తేలని సరుకు తాడు దాటకూడదు."

"ఏ సరుకు?"

"తమరే."

భటుల చేతులు కత్తుల మీదికి పోయాయి. జోగినాథం మాట మాత్రం ఆగలేదు.

"పరాయి దీవి నుంచి బంగారం వచ్చింది. రవ్వంత అంటినా మొత్తం బంగారపు సరుకేనని పొద్దున ఏలినవారే సెలవిచ్చారు. ఎవరిదైనా సరే అన్నారు. వదిలితే నా తల పోతుంది. కొట్లో చాప పరిచాను, మూడు రోజులే. కంసాలి పెద్దలు వచ్చి ముద్ర వేసేస్తారు."

"ముద్రా? ఎక్కడ వేస్తారురా?"

"అది వారి చిత్తం ప్రభూ. చెంబులకైతే అడుగున వేస్తారు."

భటుల్లో ఒకడు దగ్గు నటించాడు. రాజుగారి ముఖం కందగడ్డయింది.

"నేను రాజునురా. ఈ పన్ను ఊడినా రాజునే. రాజ్యమేలడం నా పని. చేసే పనిని బట్టి నన్ను లెక్కలోకి తీసుకోవాలి గాని, నోట్లో మెరిసేదాన్ని బట్టా?"

జోగినాథం పుస్తకం విప్పాడు.

"ప్రభువులు కొంచెం నెమ్మదిగా సెలవివ్వండి. చేసే పనిని బట్టి... ఆ తరవాత?"

కలం గరగరమంది. రాజుగారు కలాన్ని చూశారు. కొట్లో ఉన్న పట్టీల పెట్టెను చూశారు. తాడు అవతల కూర్చున్న మనిషిని చూశారు. ఇంతలో గాలి విసురుకు ఆయన గొడుగు తిరగబడి పువ్వులా విచ్చుకుంది.

ముందు ఆయన బొజ్జ కదిలింది. తరవాత నవ్వొచ్చింది, ఈసారి నిజంగానే.

"రాయరా దొంగా. మెరిసేదాన్ని బట్టి కాదు, చేసే పనిని బట్టి. ఆ పెట్టె ముందు దాటించు. నేను దాని వెనకాల వస్తాను."

నూకరత్నం పెట్టెను చంటిపిల్లలా చంకనెత్తుకుని పరుగెత్తింది. గంటలో లెక్క తేలింది, రేడియోలో కబురు పోయింది. పొద్దు వాలకముందే నలభై పడవలూ ఒడ్డెక్కాయి. ఆమె భర్త తడిసి ముద్దై, వేట పాడైందని సణుక్కుంటూ దిగాడు. పొద్దు వాలాక తుపాను విరుచుకుపడింది.

మర్నాడు రాజుగారు తన ఉంగరం తీసి జోగినాథం వేలికి తొడిగి, అతన్ని సుంకాల పెద్దను చేశారు.

ఆ సాయంత్రమే కొత్త పెద్దగారు నూకరత్నం దగ్గరికి వెళ్లి, ఉంగరమున్న చెయ్యి వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, ఆ పట్టీలో అంకెలెలా ఉంటాయో నిన్న చెప్పావే. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు."

ఆమె మళ్లీ చెప్పింది, ఓపికగా, బొగ్గుతో నేల మీద గీసి మరీ. జోగినాథం ఈసారి తలూపలేదు. వింటూ వింటూ తలూపడం మరిచిపోయాడన్న సంగతి అతనికి ఇప్పటికీ తెలీదు.