బియ్యం చల్లిన కత్తి

అనగనగా సముద్రపు గట్టున ఒక రాజ్యం. దానికి ఒక రాజు, ఆ రాజుకి ఒక రాణి, వాళ్ళకి ముగ్గురు కొడుకులు.

ఒకసారి తుపానుకి రేవు దగ్గర ఓడ ఒకటి పగిలింది. అందరూ పోయారు. ఒక్క పిల్ల మిగిలింది. మెలికలు తిరిగిన కత్తి ఒకటి గుండెకి హత్తుకుని ఒడ్డున పడి ఉంది. ఏ ఊరమ్మా అంటే చెప్పదు. పేరేమిటమ్మా అంటే చెప్పదు. మాట లేదు. రాణి తడి బట్టలు విప్పి తన చీర కట్టింది. అన్నం కలిపి పెట్టింది. కెరటమ్మ అని పేరు పెట్టింది.

కొన్నాళ్ళకి చిన్నకొడుకు నీలకేతుకి కెరటమ్మంటే ప్రాణమైంది. ఆమె వడ్డించేటప్పుడు అతని కంచంలో చేపముక్కలు ఎక్కువ పడటం చూసి, ఆమెకీ అంతేనని రాణికి తెలిసింది.

పెళ్ళి మాట అనుకుంటుండగా ధూమ్రజటి అనే మాంత్రికుడు ఎడమకాలు కుంటుకుంటూ సభకొచ్చాడు. ఆ పిల్ల నాది అన్నాడు. నీదెలా అవుతుంది అన్నాడు రాజు. కాకపోతే ఏ దీవి పిల్లో చెప్పండి అన్నాడు మాంత్రికుడు. ముగ్గురు కొడుకులకీ తలొక అవకాశం. తప్పు చెప్పినవాడు రాయైపోతాడు. ముగ్గురూ తప్పితే పిల్ల నాతో వస్తుంది అన్నాడు.

ఆధారమంటే ఆ కత్తి ఒక్కటే.

పెద్దవాడు ఒర చూశాడు. ఒర మూతి పడవలా ఉంది. ఓడవాళ్ళని అడిగితే అది సులవేసి దీవి పని అన్నారు. సభలో సులవేసి అన్నాడు, రాయైపోయాడు.

నడిపివాడు పిడి చూశాడు. పిడి మీద కోరల రాక్షసుడు కూర్చుని ఉన్నాడు. ఓడవాళ్ళని అడిగితే అది బలి ద్వీపపు పని అన్నారు. సభలో బలి అన్నాడు, రాయైపోయాడు.

రాణి ఏడవలేదు. రోజూ పొద్దున్నే చెంబుతో నీళ్ళు తెచ్చి రెండు రాళ్ళకీ మొహాలు కడిగేది.

నీలకేతు వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు. వెళ్ళొద్దంటుందనుకున్నాడు. ఆమె తడి చేతులు కొంగుకి తుడుచుకుంది.

"కెరటమ్మకి నా చీర నేనే కట్టాను. ఇప్పుడు చూస్తే ఈ ఊరి పిల్లే అంటారు. ఆ కత్తికీ ఎవరో బట్టలు మార్చి ఉంటారు నాన్నా."

అంతే అంది. లేచి అటుకుల మూట కట్టి, కత్తితో పాటు చేతికిచ్చింది.

గట్టు మీద కుక్కలు తాబేలు గుడ్లు తవ్వుతున్నాయి. నీలకేతు వాటిని తరిమి, గుడ్లమీద ఇసుక కప్పాడు. తల్లి తాబేలు నీళ్ళలోంచి తల ఎత్తి, ఎక్కు అంది. ఎక్కడికో నాకే తెలియదన్నాడు.

"పుట్టిన ఇసుక వెతుక్కోవడం మాకు తెలిసిన పనే. ఎక్కు. అటుకులు తడిపెయ్యకు, నాకూ పెట్టాలి."

ఏడు సముద్రాలు దాటారు. సులవేసిలో వడ్రంగి ఒర చూశాడు. ఒర నాదే, లోపలిది మాది కాదు అన్నాడు. మాట రాని కూతురితో ఒకాయన వచ్చి, కత్తి ఆనవాలు ఎవరికీ తెలియకూడదు, ఒర మార్చమన్నాడట. బలి నుంచి వచ్చామన్నాడట.

బలిలో శిల్పి పిడి చూశాడు. పిడి నాదే, కత్తి మాది కాదు, మావి ఇంకా పొడుగు అన్నాడు. ఆ తండ్రీకూతుళ్ళు జావా నుంచి వచ్చామన్నారట.

జావాలో పొగలు కక్కే కొండ కింద ఒక కమ్మరి ఇల్లు. ఒకామె ఒంటరిగా ఉంది. నీలకేతు ఒర తీశాడు, పిడి ఊడదీశాడు, ఉత్త కత్తి రెండు చేతులా అందించాడు. తుప్పుతో నల్లగా ఉంది. ఆమె నిమ్మకాయ కోసి రుద్దింది. రుద్దగా రుద్దగా నల్లటి ఇనుములోంచి తెల్లటి చుక్కలు తేలాయి. గుప్పెడు బియ్యం చల్లినట్టు.

"పిల్ల పుట్టిన రోజున మా ఆయన చేశాడు బాబూ. దానికి అన్నానికి లోటుండకూడదని."

తర్వాత అంతా చెప్పింది. మాంత్రికుడు పిల్లనిమ్మన్నాడు. ఇవ్వం పొమ్మంటే దాని మాట లాక్కున్నాడు. తండ్రి పిల్లని తీసుకుని పారిపోయాడు. మాంత్రికుడు ఒక చిలకని తెచ్చి, ఇది చస్తే నీ కూతురు చస్తుందని చెప్పి వెళ్ళాడు. అప్పట్నించి తను తిన్నా తినకపోయినా చిలక్కి పెడుతోంది.

చిలక పంజరంలో ఎడమకాలు ఎత్తి పట్టుకుని కూర్చుంది. కాలికేమైందని అడిగాడు నీలకేతు. మొన్న వానల్లో తలుపులో పడి నలిగింది అందామె. నీలకేతు నవ్వాడు.

"మీ అమ్మాయి మా వాకిట్లో చక్కగా గెంతుతోందమ్మా. కుంటేవాడు వేరే ఉన్నాడు."

పంజరంతో, ఆమెతో గట్టుకొస్తే, నేనేమైనా ఓడననుకున్నావా అని తాబేలు సణిగింది. సణుగుతూనే మోసింది.

సభలో నీలకేతు, జావా అన్నాడు. మాంత్రికుడు అబద్ధమంటూ చెయ్యెత్తాడు. నీలకేతు పంజరం మీది గుడ్డ తీశాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఏం కావాలన్నా ఇస్తాను, దాన్ని మాత్రం ఏమీ చెయ్యొద్దన్నాడు. మా అన్నల్నీ, ఈ పిల్ల మాటనీ ఇచ్చెయ్యి అన్నాడు నీలకేతు.

రాళ్ళు కదిలాయి. పెద్దవాడు తల విదిలించి, చెవిలో నీళ్ళు పోసిందెవరే అమ్మా అన్నాడు. రాణి అప్పుడు ఏడ్చింది.

కెరటమ్మ చేత్తో గొంతు తడుముకుంది. అన్నేళ్ళ తర్వాత మొదటి మాట అంది.

"ఆకలేస్తోందమ్మా."

ఏ దీవి భాషలో అందో గానీ, ఇద్దరు తల్లులూ ఒక్కసారే లేచారు.

పెళ్ళిలో తలంబ్రాల పళ్ళెం పక్కన ఆ కత్తి పెట్టారు. పళ్ళెంలో బియ్యమేదో, ఇనుములో బియ్యమేదో పిల్లలు వేలు పెట్టి చూసుకున్నారు. చిలకని ఎవరూ చంపలేదు. రాణి దానికి జామపండ్లు పెట్టేది. పిల్లి ఇంట్లోకి రాకుండా మాంత్రికుడు రోజంతా గుమ్మంలో కర్ర పట్టుకుని కాపలా కాసేవాడు.

నీలకేతు, కెరటమ్మ చాలాకాలం రాజ్యమేలారు. వాళ్ళ కథ ఓడెక్కి వెళ్ళిపోయింది. మనం అన్నానికి లేద్దాం పదండి.