ఒకవైపే తిరిగే రింగు

దాలినాయుడికి ఒకటే బాధ. అతను ఎంత శ్రద్ధగా బిగించినా, ప్రతి గడియారాన్నీ ఉస్తాద్ మళ్లీ భూతద్దం పెట్టి చూస్తాడు.

"ఇన్నేళ్లయింది. ఇంకా నా మీద నమ్మకం కుదరలేదా ఉస్తాద్?" అని ఆ రోజు అడిగేశాడు.

ఉస్తాద్ అంటే ఖుద్దూస్ సాహెబ్. విశాఖ చేపల రేవుకు పోయే దారిలో, ఐసు ఫ్యాక్టరీ పక్కన ఆయన గడియారాల రిపేరు కొట్టు; నాయుడు ఆయన శిష్యుడు. నన్ను రోజూ నడవమన్న డాక్టరు ఎంత దూరమో చెప్పలేదు. నేను ఆ కొట్టు దాకా నడిచి, అక్కడి బల్ల మీద కూర్చునేవాణ్ని. టీ కూడా బాగుండేది. కొంచెం అల్లం ఎక్కువ, అంతే.

నాయుడి ప్రశ్న విని ఉస్తాద్ చేతిలో పని పక్కన పెట్టాడు. ఒక గడియారం అతని ముందుకు జరిపాడు.

"ఇది నువ్వు చెయ్యి బేటా. నేను చూడను."

అది నూకరాజుది. పడవల అడుగున తిరిగే పంకాలకు చుట్టుకున్న వలలను నీళ్లలోకి దిగి కోయడం అతని పని. ఆ గడియారం అద్దం చుట్టూ అంకెలున్న రింగు ఒకటి తిరుగుతుంది. దాని మీద చీకట్లో వెలిగే చుక్క ఉంటుంది. మునిగే ముందు ఆ చుక్కను నిమిషాల ముల్లుకు ఎదురుగా తిప్పుకుంటాడు. లోపల ఉండగా ముల్లు చుక్కను దాటి ఎంత దూరం పోయిందో చూసుకుంటే, వీపు మీది సిలిండరులో గాలి ఇంకా ఎంతసేపు వస్తుందో తెలుస్తుంది. ఆ రింగు ఉప్పు పట్టి బిగుసుకుపోయింది.

నాయుడు అద్దం మీద టేపు అంటించాడు. సన్నని బ్లేడును రింగు కింద దూర్చి, ఒకచోటే బలం పెట్టకుండా చుట్టూ కొద్దికొద్దిగా లేపాడు. రింగు టప్పున ఊడింది. లోపల ఉప్పు, నల్లటి మడ్డి. కుక్కరు రబ్బరుకు పిల్లలాంటి రబ్బరు ఒకటి. దాని పక్కన వంపు తిరిగిన చిన్న స్ప్రింగు రేకు. అన్నిటినీ సబ్బునీళ్లలో పాత పళ్ల బ్రష్‌తో తోమి ఆరబెట్టాడు.

తిరిగి పెట్టి చూస్తే రింగు ఇంకా గట్టిగానే తిరుగుతోంది. స్ప్రింగు రేకు రింగు అడుగునున్న పళ్లను పట్టుకుంటోంది. తడి చేతులతో నూకరాజు ఏం తిప్పుకుంటాడని నాయుడికి జాలేసింది. రేకు వంపును పట్టుకారుతో కొంచెం అణిచాడు. రబ్బరుకు గ్రీజు రాసి, రింగును పైన పెట్టి, రెండు బొటనవేళ్లతో నొక్కాడు. కూర్చుంది. ఈసారి ఎటు తిప్పితే అటు తిరిగింది.

మధ్యాహ్నం నూకరాజు వచ్చి తిప్పి చూసుకున్నాడు. "ఎన్నపూసలా తిరుగుతోంది గురూ" అన్నాడు.

నాయుడు ఓరకంట ఉస్తాద్‌ను చూశాడు. ఉస్తాద్ మాట తప్పలేదు, గడియారం వైపు తలెత్తలేదు. ఎప్పుడూ గడియారం ఉండే ఆయన మణికట్టు ఆ రోజు ఖాళీగా ఉంది. పట్టీ ఉన్నచోట చర్మం తెల్లగా కనిపించింది. నాకెందుకో అది గుర్తుండిపోయింది.

"వెళ్లి తాడు పట్టుకో" అన్నాడు నాయుడితో.

అది ఆ కొట్టు ఆనవాయితీ. మునిగేవాడి గడియారం ఎవరు బిగిస్తే, మొదటిసారి అతను మునిగినప్పుడు నడుముకు కట్టిన తాడు రెండో కొస వాళ్లే పట్టుకోవాలి. పైకి వచ్చేదాకా వదలకూడదు. నాయుడికి అదే మొదటిసారి. నాకూ చూడాలనిపించి వెంట వెళ్లాను. డాక్టరు నడవమన్నాడు కదా.

పడవ మీద నూకరాజు చుక్కను ముల్లుకు ఎదురుగా తిప్పుకున్నాడు. నడుముకు తాడు కట్టుకుని, పడవ అంచు పట్టుకుని నీళ్లలోకి జారాడు. జారేటప్పుడు అతని మణికట్టు చెక్కను రాసుకుంది.

నాయుడు చూశాడు. రింగు కదిలి, చుక్క ముల్లును దాటి ముందుకు పోయింది.

ఆ రింగు ఎప్పుడూ ఒకవైపే ఎందుకు తిరుగుతుందో అతనికి అప్పుడు తట్టినట్టుంది. పొరపాటున తగిలి కదిలినా ఉన్న గాలి తక్కువగానే కనపడాలి. ఎన్నడూ ఎక్కువగా కనపడకూడదు.

తాడు గుంజాడు. రెండు చేతులతో గుంజాడు.

నూకరాజు పైకి తేలి నోట్లోని గొట్టం తీశాడు. "ఏటి నాయుడూ, తల తడవకముందే లాగీసావు?"

పడవలో వాళ్లు నవ్వారు. "ఉస్తాద్ శిష్యుడికి భయమేసినట్టుంది" అన్నాడొకడు.

"గడియారం ఇచ్చెయ్ మావా. నేను తప్పు బిగించాను" అన్నాడు నాయుడు, అందరికీ వినబడేలా.

నవ్వులు ఆగాయి. నూకరాజు గడియారం విప్పి అతని చేతిలో పెట్టాడు. తర్వాత రెండో చెయ్యి నీళ్లలోంచి పైకెత్తాడు. దానికీ ఒక గడియారం ఉంది.

"ఇది మీ ఉస్తాద్‌ది. నాది మీ కొట్లో ఉన్నన్నాళ్లూ ఆయనది నా చేతికి కట్టీసి పంపుతాడు. ఇయాల కూడా, నాది ఒకసారి మునిగి పైకొచ్చాక ఇద్దరం చూసుకునేదాకా ఇప్పొద్దన్నాడు. దీంట్లో చూసుకునైనా దిగొచ్చు గానీ దిగను. నువ్వెళ్లి అది సరిచేసుకురా, నేను గట్టున కూకుంటాను."

దారి పొడుగునా నాయుడు ఆ గడియారాన్ని గుప్పిట్లోనే పట్టుకుని నడిచాడు. ఒకసారి మాత్రం కళ్లు తుడుచుకున్నాడు. ఉప్పుగాలికే అనుకోవాలని నేను సముద్రం వైపు చూశాను.

కొట్లో అతని పీట ముందు తెల్లగుడ్డ పరిచి ఉంది. దాని మీద కొత్త స్ప్రింగు రేకు. నూకరాజు 'ఎన్నపూసలా' అన్నప్పుడే ఉస్తాద్‌కు అర్థమైపోయినట్టుంది.

నాయుడు రింగు లేపి, రేకు మార్చి, మళ్లీ నొక్కాడు. తిప్పితే ఒక్కో పన్ను దగ్గరా టిక్కుమంది. వెనక్కి తిప్పబోతే కదల్లేదు. గుడ్డతో తుడిచి, రెండు చేతులతో ఉస్తాద్ ముందు పెట్టాడు.

"ఒకసారి చూడండి ఉస్తాద్."

ఖుద్దూస్ సాహెబ్ కంటి దగ్గరున్న భూతద్దం తీసి సొరుగులో పెట్టేశాడు.

"నూకరాజు గట్టున కూర్చుని ఉంటాడు. వెళ్లి తాడు పట్టుకో."