పొరుగు తాళం

తుమ్మలకోన అని ఒక అడవి. అక్కడ చెట్లకి ఆకులకన్నా ముళ్ళే ఎక్కువ. అయినా ఆ ముళ్ళ నీడలోనే కుందేళ్ళు, ఉడుతలు, పికిలిపిట్టలు, ఒక ఎలుగుబంటి సంసారం చల్లగా బతికేవి. అందరికన్నా పెద్ద పోలినాయుడనే తాబేలు. ఆయన డిప్పని రాతిబండకేసి టక్కు టక్కున కొడితే అదే తాళం. ఆ అడవిలో పాడే ప్రతి గొంతూ ఆయన చేత తిట్లు తిన్నదే.

ఏటా చిగురు తొడిగే వేళకి ఏడు అడవులకీ పాటల పోటీ. గెలిచిన అడవికి, పై ఏడాది మిగతా ఆరు అడవులూ చుట్టాలై వచ్చి పాడాలి. తుమ్మలకోనకి ఆ భాగ్యం ఒక్కసారీ దక్కలేదు. "ఆ ముళ్ళల్లోకి ఎవరొస్తారులే" అని మిగతావాళ్ళు నవ్వేవారు. కన్ను మూసేలోగా ఆ సంబరం తన గుమ్మంలో చూడాలని పోలినాయుడి ఆశ.

ఆ పోటీకి ఒక కట్టుబాటుంది. పాట మీ అడవిది, తాళం పొరుగు అడవిది. పాడడానికి వచ్చినవాళ్ళు పగతో తిరిగి వెళ్ళకూడదని పెద్దలు పెట్టిన పద్ధతి.

తుమ్మలకోనకి పొరుగు మద్దిమెట్ట. అక్కడ తాళం వేసేది వడ్రంగిపిట్ట వీరాచారి. మూడేళ్ళ కిందట అతను నోరు జారి, "తాతా, నీ డిప్ప పగిలిన కుండలా మోగుతోందే!" అన్నాడు. మర్నాడే వచ్చి తప్పయిందన్నాడు. పోలినాయుడు తల లోపలికి లాక్కున్నాడు, అంతే. తాబేలు బతికినన్నాళ్ళూ తాబేలు పగా బతుకుతుంది.

ఆ ఏడాది తుమ్మలకోన తరఫున పికిలిపిట్ట ముత్యాలి పాడింది. వీరాచారి మద్దిమాను మీద వాలి తాళం వేశాడు. ఎక్కడా ఒక్క దెబ్బ తప్పలేదు. వంక దొరుకుతుందేమోనని పోలినాయుడు చెవి ఒగ్గి విన్నాడు. దొరకలేదు. దానికీ కోపమే వచ్చింది.

తర్వాత మద్దిమెట్ట గోరింక సింగారి వంతు. తాళం పోలినాయుడిది. అది వానకి ఎదురు పరిగెత్తే పాట, ఉరకలేసే పాట. పోలినాయుడు బండ మీదికి ఎక్కాడు. 'పగిలిన కుండ ఎలా మోగుతుందో ఇవాళ చూద్దువుగాని' అనుకున్నాడు. టక్కు... అని కొట్టి, ఊపిరి పీల్చి, తీరిగ్గా ఇంకోటి కొట్టాడు. టక్కు...

సింగారి ఒక్క క్షణం ఆయన వంక చూసింది. తర్వాత కళ్ళు మూసుకుని, ఆయన ఎంత మెల్లగా కొడితే అంత మెల్లగా పాడింది. ఉరికే పాట జోలపాటయింది. ఎలుగు పిల్ల తల్లి పొట్టలో దూరింది. నక్క కళ్ళు తుడుచుకుని దుమ్ము పడిందంది.

ఇక పూలు వేసే వేళ. అడవికి ఒక్క పువ్వు, తమ పాటకి వేసుకోకూడదు. మద్దిమెట్ట పువ్వు ముత్యాలి ముందే పడింది. మిగతా అయిదు అడవుల పూలూ పడేసరికి ముత్యాలికి మూడు, సింగారికి మూడు. మిగిలింది తుమ్మలకోన పువ్వు. అది ముత్యాలి ముక్కున ఉంది.

"ఒసే పిల్లా, ఇందాక వేరే అడవి తరఫున పాడిన ఆ కప్పకి వేసెయ్!" అన్నాడు పోలినాయుడు గొంతు తగ్గించి.

ముత్యాలి పువ్వు కింద పెట్టి, "కప్ప బెకబెకమంది కదా తాతా?" అంది.

"అంటే అననీ. గోరింకకి మాత్రం వెయ్యకు."

"తప్పుంటే తప్పనాలి, బాగుంటే బాగుందనాలని నువ్వే కదా నేర్పావు? రోజూ తిట్టి మరీ నేర్పావు!"

ముత్యాలి పువ్వు తీసుకెళ్ళి సింగారి ముందు పెట్టింది.

మద్దిమెట్ట గెలిచింది. సింగారి ఎగిరి వచ్చి, "తాతా, నీ తాళమే నా పాటకి ప్రాణం పోసింది!" అంది అందరి ముందూ. ముసలి తాబేలుకి ఆ మెచ్చుకోలు ముల్లులా గుచ్చుకుంది. తన అడవి సంబరాన్ని తన డిప్పతోనే పోగొట్టుకున్నాడు మరి.

ఇంటికొచ్చాక ముత్యాలితో, "నేనే ఓడగొట్టానే నిన్ను" అన్నాడు. మర్నాడు తెల్లవారగానే మద్దిమెట్టకి బయల్దేరాడు. ఎలుగుబంటి మోసుకెళతానంటే, "నా తప్పు, నా కాళ్ళు" అన్నాడు. పద్దెనిమిది రోజులు పట్టింది.

వీరాచారి ఎదురొచ్చి, "అరె, పోలినాయుడు తాతా! ఎండలో ఇంత దూరమా?" అన్నాడు.

"కావాలనే మెల్లగా కొట్టానోయ్. మీ పిల్లని చెడగొడదామని."

కొమ్మ మీద నుంచి సింగారి నవ్వింది. "మొదటి దెబ్బకే తెలిసింది తాతా. పెద్దాయన అలిగినట్టున్నాడు, ముందు పరిగెత్తడమెందుకు, ఆయన పక్కనే నడుద్దాం అనుకున్నాను."

పోలినాయుడు తల లోపలికి లాక్కున్నాడు. ఈసారి కోపంతో కాదు. కాసేపటికి మెడ బయటపెట్టి వీరాచారి వంక చూసి, "కుండ కాస్త పగిలిన మాట నిజమేలే" అన్నాడు.

నీతి: పగతో పొరుగింటి పాట చెడగొట్టబోతే చెడేది మన ఇంటి పండగే, అలిగినవారితో అడుగు కలిపి నడిచేవారిదే గెలుపు.