దీమం పిట్ట

మఠంలో శిష్యుడు బాలోజి తత్వం ఎత్తుకున్నాడంటే పొలం పోయేవాళ్ళు కూడా భుజాన కాడితోనే నిలబడిపోయేవాళ్ళు. అంత గొంతు మరి. చిక్కల్లా ఏమంటే, ఆ సంగతి బాలోజికి బాగా తెలుసు.

అట్లా నిలబడినవాళ్ళలో తిరుపాలు ఒకడు. ఇల్లు నీడ, ఆలుబిడ్డలు నీడ, ఏదీ నిజం కాదు అని బాలోజి పాడగా విని, అటునుంచి అటే మఠానికి వచ్చేశాడు. నాలుగు నెలలైంది, ఇంటి ముఖం చూడలేదు.

ఆ పొద్దున అతని భార్య సుంకమ్మ వచ్చి మఠం గడప బయట నిలబడి బాలోజిని పిలిచింది.

"పాప పోయింది సామీ. జ్వరం తగ్గనేలేదు. తండ్రి మొదటి పిడికెడు మన్ను వెయ్యందే మావాళ్ళు పూడ్చరు. ఆయప్పను పంపండి."

ఏడ్చే ఓపిక కూడా లేదామెకు. తిరుపాలు లోపల్నుంచి కదల్లేదు.

"నీడను పూడ్చేదేముంది?" అన్నాడు. కళ్ళు మూసుకుని బాలోజి పాటే అందుకున్నాడు.

బాలోజి పొంగిపోయాడు. ఛీ, ఎట్లా పొంగిపోయాడో! గబగబా గురువు ఈరప్పసామి దగ్గరికి పోయాడు.

"విన్నారా సామీ? కన్నబిడ్డ పోయిందన్నా చలించలేదు. నాలుగు నెలల్లో అంతవాణ్ణి చేశాను. ఇంక నేను వేరే మఠం పెట్టుకుంటాను, సెలవియ్యండి."

ముసలాయన ముఖం నల్లబడింది. సుంకమ్మతో "కూచో తల్లీ, ఇప్పుడే వస్తాం" అన్నాడు. బాలోజిని వెంటబెట్టుకుని ఊరవతల అడవి అంచుకు నడిచాడు.

అక్కడ బలుసుపొద మీద ఒక పిగిలిపిట్ట గొంతెత్తి పాడుతోంది. బాలోజి ఆగిపోయాడు.

"అబ్బ, ఏం గొంతు సామీ!"

ఆ పాటకు చుట్టుపక్కల పొదల్లోంచి ఇంకో రెండు పిగిలిపిట్టలు వచ్చి పక్క కొమ్మ మీద వాలాయి. వాలినవి మళ్ళీ లేవలేదు. కొమ్మంతా పిట్టలు పట్టేవాళ్ళు పూసిన జిగురు. రెక్కలు కొట్టుకునే కొద్దీ ఇంకా అంటుకుపోయాయి. అంతకు ముందే చిక్కిన పిట్ట ఒకటి అక్కడే చచ్చి వేలాడుతోంది.

పాడే పిట్ట మాత్రం పాడుతూనే ఉంది. దాని కాలికి దారం కట్టి ఉంది.

"దీమం పిట్ట," అన్నాడు గురువు. "తక్కినవాటిని పిలవడానికి పెట్టుకుంటారు."

"తన జాతి పిట్టలు కళ్ళెదుట చస్తుంటే పాటెట్లా వస్తుంది సామీ దీనికి?"

గురువు దారం విప్పి దాన్ని బాలోజి అరచేతిలో పెట్టాడు. బాలోజి దాని తల తిప్పి చూశాడు. పిట్ట రెండు రెప్పలూ నల్లదారంతో కుట్టేసి ఉన్నాయి. అతని చేతిలో కూడా అది పాట ఆపలేదు.

 

గురువు జిగురులోని పిట్టల్ని మెల్లగా విడిపిస్తూ కూచున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"దీని కళ్ళంటే ఎవరో కుట్టారు నాయనా."

బాలోజి పిట్టను గురువు ఒళ్ళో పెట్టి మఠానికి పరుగెత్తాడు. సుంకమ్మ గడప దగ్గరే ఉంది. లోపల తిరుపాలు కళ్ళు మూసుకుని ఇంకా పాడుతున్నాడు.

బాలోజి వెళ్ళి తన అరచెయ్యి అతని నోటికి అడ్డం పెట్టాడు. రెండో చేత్తో మూలనున్న పార తీశాడు.